ముప్పై పళ్లాల మీద సువార్తమ్మ మాట

ఆ రోజు పొద్దున లాల్ సాహెబ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆళ్లగడ్డ చర్చిలో కోతల పండగ విందుకు పోవాలి. తాను పేరు కొట్టిన ముప్పై స్టీలు పళ్లాల్లో జనం అన్నం తింటుంటే కళ్లారా చూడాలి. ఆ పళ్లాలు అమ్మిన నంద్యాల స్టీలు కొట్టు కరుణాకర్ కూడా విందుకు వస్తున్నాడు. "నీ పని జూసి, నచ్చితే మా కొట్టు అరుగు మీద కూచోబెట్టుకుంటా" అని అతను మాట ఇచ్చి ఉన్నాడు. నచ్చకేం, సాయంత్రం బస్సుకే నంద్యాల పోవచ్చు. భార్య ఖాజాబీ ఉతికిన చొక్కా తీసి ఇచ్చింది.

ఆ అరుగు మీదే అతని బతుకు ఆధారపడి ఉంది. ఇరవై ఏళ్లు ఇత్తడి గిన్నెలకు కళాయి పూసినవాడు. పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిది వచ్చేసరికి ఇంటింటికీ స్టీలు చేరింది. స్టీలుకు కళాయి అక్కర్లేదు. వీధులన్నీ తిరిగి గొంతు చించుకున్నా పిలిచేవాళ్లు లేరు. మరొకడైతే స్టీలును తిడుతూ కూర్చునేవాడు. లాల్ సాహెబ్ మాత్రం ఒక సంగతి పసిగట్టాడు. స్టీలు సామాను కొన్న ఏ ఇల్లాలైనా ముందు చేసే పని దాని మీద పేరు కొట్టించడం. అన్ని గిన్నెలూ ఒకేలా మెరుస్తుంటే ఎవరిది ఏదో ఎలా తెలుస్తుంది మరి. కొలిమి అటకెక్కించి, చిన్న ఉలీ సుత్తీ పట్టాడు.

పట్టాక ఆ పని మీద మనసు పడిపోయింది. కళాయి కొన్ని నెలల్లో అరిగిపోతుంది, ఉలి దెబ్బ మనవళ్ల కాలం దాకా ఉంటుంది. చుక్క పక్కన చుక్క కొట్టుకుంటూ పోతే తెలుగు అక్షరం గుండ్రంగా తిరిగి మొదలైన చోటికే వచ్చి కలిసేది. అది చూసుకుని అన్నం సంగతి కూడా మరిచిపోయేవాడు. ఇబ్బంది ఒక్కటే, అతనికి తెలుగు చదవడం రాదు. చిన్నప్పుడు మసీదులో నేర్చుకున్న నాలుగు ఉర్దూ ముక్కలే అతని చదువు. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు బొమ్మలా దించేవాడు. ఈ సంగతి ఖాజాబీకి తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలిస్తే ఇక గిన్నె తెచ్చి ఇచ్చేదెవరు?

చర్చి స్త్రీల సమాజానికి పెద్ద సువార్తమ్మ. ఆమె పళ్లాలు తెచ్చిన రోజున ఒక కాగితం అతని చేతిలో పెట్టి, "దీంట్లో ఉండే చర్చి పేరు అంచు సుట్టూ కొట్టు. పండగ నాటికి కావల్ల" అని హడావిడిగా వెళ్లిపోయింది. తీరా చూస్తే కాగితానికి రెండు వైపులా రాత ఉంది. ఒకవైపు చిన్న ముక్క, రెండోవైపు మూడు వరసలు.

"ఏ పక్కదో పోయి అడిగి రారాదా" అంది ఖాజాబీ.

"అడిగితే, సదువుకుంటే తెల్దా అంటాది. అప్పుడేం జెప్పల్ల?"

లాల్ సాహెబ్ ఆలోచించాడు. మామూలు మనిషికే జానెడు పేరుంటుంది. అంత పెద్ద కట్టడం, గంట, పాస్టరు ఉన్న చర్చికి చిన్న పేరెందుకుంటుంది? మూడు వరసలనే కొట్టాడు. ఐదు రోజులు పట్టింది. పండగ పొద్దున వంటవాళ్లొచ్చి, చూసుకునే తీరిక కూడా లేక, మూట కట్టుకుని మోసుకుపోయారు.

విందులో మొదటి పంక్తి కూర్చుంది. లాల్ సాహెబ్, కరుణాకర్ గోడవార బెంచీ మీద కూర్చున్నారు. సంఘ పెద్ద శాంతయ్య ముద్ద కలిపి, పళ్లెం కొద్దిగా తిప్పాడు. ఇంకొంచెం తిప్పాడు. అంచు చదువుతున్నాడని లాల్ సాహెబ్ మనసు పొంగింది. శాంతయ్య మాత్రం సాంబారు వడ్డిస్తున్న సువార్తమ్మ వైపు దొంగచూపు చూసి, ముద్ద వదిలేసి, చేయి కడుక్కుని బయటికి నడిచాడు. పక్కనున్న దేవదానం మాస్టరు పళ్లెం తిప్పాడు, లేచాడు. తర్వాత దానమ్మ. చూస్తుండగానే సగం పంక్తి ఖాళీ అయింది.

"ఏందక్కా, సాంబారు బాగలేదా?" అని సువార్తమ్మ అడిగింది.

"బాగుంది, ఇప్పుడే వస్తా" అంటూ దానమ్మ ఆమె ముఖం చూడకుండా పోయింది.

ఉప్పు తక్కువైందేమోనని సువార్తమ్మ వంటవాళ్లను కేకలేసింది. వాళ్లు బెదిరిపోయి ఇంకో దోసెడు వేశారు. దాంతో మిగిలిన సగం పంక్తీ నిజంగానే లేచింది.

కరుణాకర్ ఒక పళ్లెం తీసి చూశాడు. "సాహెబూ, ఏందిది కొట్టినావు?"

"చర్చి పేరన్నా."

"చర్చి పేరా? విను. 'మీరు తీసుకుపోయిన సామాను ఇంతవరకు తిరిగి పంపలేదు. అడగాలంటే నాకే సిగ్గుగా ఉన్నది. ఈ రోజే పంపవలెను. ఇట్లు, సువార్తమ్మ.' సదివే కొట్టినావా?"

లాల్ సాహెబ్‌ ఆ పళ్లెం అందుకుని అంచు తడిమాడు. ముప్పై పళ్లాలు, చెరిపినా చెరగని రాత. "నాకు తెలుగు రాదన్నా" అన్నాడు. ఆ మాట బయటి మనిషితో అనడం అదే మొదటిసారి. అరుగు చేజారిపోయిందని దుఃఖం వచ్చింది.

ఈలోగా సువార్తమ్మ కూడా ఒక పళ్లెం చదువుకుంది. "పక్కింటోళ్లకు రాసుకున్న చీటీ ఇది. పంపను మనసు రాక, ఎనకపక్క చర్చి పేరు రాసిస్తి. ఊరందర్నీ దొంగల్ని జేస్తివి గదప్పా" అంటూ గరిటె ఎత్తుకుని అతని మీదికి వచ్చింది.

సరిగ్గా అప్పుడే శాంతయ్య భుజాన పెద్ద గుండిగతో వాకిట్లో అడుగుపెట్టాడు. "తప్పయిపాయ సువార్తమ్మా. మా పాప పెండ్లికి తెస్తి. మూడేండ్లాయ."

వెనకే దేవదానం మాస్టరు జల్లెడతో, దానమ్మ ఇడ్లీ పాత్రతో వచ్చారు. చివరికి పాస్టరు యోహానుగారే ఒక పెద్ద మూత పట్టుకుని వచ్చి, "మూత దొరికింది. పాత్ర ఎతుకుతాండాం" అన్నారు. గరిటె మెల్లగా కిందికి దిగింది.

"ఈ చెంబు నాది కాదే" అంది సువార్తమ్మ.

"ఎవరిదో గుర్తులేక, నీ పేరు జూసి నీదే అనుకుంటి" అన్నాడెవరో.

"అది నాది" అంటూ వెనక నుంచి ఒకామె లాక్కుంది. కాసేపట్లో చర్చి ఆవరణ సంతలా మారింది. ఎప్పుడో ఆశ వదులుకున్న గిన్నెలు దొరికి ఆడవాళ్లు మురిసిపోయారు.

మురిసినవాళ్లంతా లాల్ సాహెబ్‌ను చుట్టుకున్నారు. అందరికీ అదే మాట కావాలి, సంతకం మాత్రం ఎవరిది వాళ్లకు. జీవమ్మ అనే ఆమె అతన్ని పక్కకు పిలిచి, "మా ఆడబిడ్డకిచ్చే గిన్నె అడుగున కొట్టను ఒకటి రాసిస్తా. నువ్వు మాత్రం సదవగూడదు" అంది.

"నాకు సదవను రాదమ్మా" అన్నాడు లాల్ సాహెబ్ తల దించుకుని.

జీవమ్మ ముఖం వెలిగిపోయింది. "ఇంగ మాకు ఈ సాహెబే కావల్ల" అని అందరికీ చెప్పింది.

కరుణాకర్ వ్యాపారస్తుడు. అతనికి వేరే చెప్పనక్కర్లేదు. "మా నంద్యాలలో పేర్లు కొట్టేవాళ్లు నలుగురుండారు. నలుగురూ సదివి ఊరంతా జెప్పేవాళ్లే. రేపు పొద్దున్నే వచ్చి అరుగు మీద కూచో సాహెబూ" అన్నాడు.

లాల్ సాహెబ్ ఇప్పుడు ఆ అరుగు మీదే ఉన్నాడు. మడతపెట్టిన చీటీలు పట్టుకుని ఆడవాళ్లు వరస కడుతున్నారు. ఎవరి కోపం ఎవరి మీదో తెలియకుండానే, ప్రతి అక్షరాన్నీ ముద్దుగా చెక్కుతున్నాడు. రెండు వైపులా రాత ఉన్న కాగితం మాత్రం ముట్టుకోడు.

మొన్న సువార్తమ్మ పనిగట్టుకుని వచ్చి, రెండు నెలల్లో తెలుగు చదవడం నేర్పిస్తానంది.

"వద్దులేమ్మా" అన్నాడు లాల్ సాహెబ్, ఉలి మీది పొడి ఊదుతూ. "యాపారం పాడైపోతాది."