బొమ్మ పడితే గిన్నెలు నీవి

పెళ్ళయిన కొత్తలో మనిషికి ప్రతిదీ ముద్దొస్తుంది. రెండు కప్పులు పక్కపక్కన బోర్లించి ఉంటే చూసి నవ్వుకుంటాడు. తలుపు వెనక రెండు గొడుగులు వేలాడుతుంటే మురిసిపోతాడు. నేనూ అంతే. మా ఇంట్లో నాకు ముద్దు రానిది ఒక్కటే, భోజనాలయ్యాక సింకులో లేచే గిన్నెల గుట్ట.

దాని గురించి మాకు పేచీ లేదు. పేచీ పడేంత పాతబడలేదు మేము. "నేను తోముతాలే" అని నేను, "వద్దు, నేను తోముతా" అని ఆమె, ఇలా ఇద్దరం మర్యాదలు చేసుకుంటూ పడుకునేవాళ్ళం. తెల్లారేసరికి గిన్నెలు మాత్రం ఎక్కడివక్కడే ఉండేవి.

అప్పుడు నాలోని మాస్టారు నిద్రలేచాడు. నేను కాలేజీలో గణాంకశాస్త్రం చెబుతాను. కాలేజీలో అంటే కాలేజీలో కాదు, మా ముందుగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని.

"నాణెం ఎగరేద్దాం. బొమ్మ పడితే నువ్వు తోము, బొరుసు పడితే నేను. ఇక మొహమాటాలుండవు," అన్నాను.

"ఎగరేసేది ఎవరు?" అంది మా ఆవిడ. ఆమె పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. నోరు తెరిచిన ప్రతివాణ్ణీ అనుమానంగా చూడటం ఆమె ఉద్యోగం.

"నేనే. సంభావ్యత నా సబ్జెక్టు కదా."

ఆమె వంటింట్లో పొయ్యి తుడుస్తుంటే నేను ముందుగదిలో నాణెం ఎగరేసి, పడినదేదో కేకేసి చెప్పాలి. ఇదీ ఒప్పందం.

ఒట్టు, మొదటి మూడుసార్లూ నిజంగానే ఎగరేశాను. మూడుసార్లూ బొమ్మే పడింది. మూడోసారి వంటింటి గుమ్మంలోంచి ఆమె తల ఒక్కటే బయటికొచ్చింది.

"ఏమండీ, ఆ నాణేనికి బొరుసుందా?"

"ఉందోయ్. చూస్తావా?"

"వద్దులెండి."

ఆ 'లెండి'లో మా ఫ్రిజ్జులో ఉన్నంత చలి ఉంది. ఆ రోజు నుంచీ నాణెం ఎగరేయడం మానేశాను. నిజం చెబితే నమ్మనప్పుడు, నమ్మేలా అబద్ధం చెప్పడమే కాపురానికి క్షేమం అనిపించింది. ఒకసారి బొరుసని కేకేసి నేను తోమాను. తర్వాత బొమ్మ. ఆ తర్వాత ఇంకో బొమ్మ. అమ్మో, రెండయ్యాయి, ఇక బొరుసు. మొగ్గు కాస్త నావైపే ఉంచుకున్నాను గానీ, వరసగా మూడు బొమ్మలు మాత్రం పడనివ్వలేదు. నా భుజం నేనే తట్టుకునేవాణ్ణి.

ఇల్లు ఇలా చక్కబడింది గానీ క్లాసు చక్కబడలేదు. క్లాసు తెరిస్తే తెరనిండా నల్లచదరాలే. ఒక్కరూ కెమెరా పెట్టరు. ఒక కుర్రాడికి నేను సిగ్నల్ అని పేరు పెట్టాను. ఏమడిగినా "సిగ్నల్ లేదు సార్" అని గంట కొట్టినట్టు వినబడేలా చెబుతాడు. ఇంకో అమ్మాయికి పెట్టిన పేరు హాజరు. ఆ ఒక్కమాట పలికి మాయమైతే, మళ్ళీ మర్నాడు అదే మాటకి ప్రత్యక్షమవుతుంది.

ఇంతలో మా శాఖ పెద్ద మేడమ్ ఫోన్ చేశారు. దేనికైనా "ఊ" అని ఊరుకుంటారు కాబట్టి అందరం ఆవిణ్ణి ఊ మేడమ్ అంటాం. ఆరోజు నిండు వాక్యాలు మాట్లాడారు. ఏదో మూడిందని అప్పుడే తెలిసిపోయింది.

"గురువారం మీ క్లాసులో కూర్చుంటాను. పిల్లలు పలకకపోతే వచ్చే నెల నుంచి పాఠాలు రికార్డు చేసిన వీడియోలే పెట్టేద్దాం. మీకు జవాబుపత్రాలు దిద్దే పని ఇస్తాను."

నల్లచదరాలకైనా సరే, పాఠం చెప్పడమంటే నాకు ప్రాణం. ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడకి చెప్పుకున్నాను. సంగతంతా విని ఆమె అంది, "మా దగ్గరికొచ్చే పిల్లలు నోరు తెరవమంటే తెరవరండీ. 'నీకెన్ని పళ్ళున్నాయో చూడకుండా చెప్పనా?' అంటే మాత్రం, మేం తప్పని చూపించడానికి ఇంత నోరు తెరుస్తారు. మీరూ పందెం కాయండి."

నా బుర్రలో దీపం వెలిగింది. "ఒక ఆట ఉంది. ఇరవైసార్లు నాణెం ఎగరేసి, పడిన వరస రాసి పంపమంటాను. కొందరు నిజంగా ఎగరేస్తారు, కొందరు ఊహించి రాసేస్తారు. ఏది నిజమో ఏది కల్పనో నేను చెప్పాలి."

"అదెలా తెలుస్తుంది?"

"నిజం నాణేనికి సిగ్గుండదు. ఒకేవైపు నాలుగైదుసార్లు కూడా పడుతుంది. మనిషి కల్పిస్తే రెండు కాగానే భయపడి అటుది ఇటు మారుస్తాడు."

కంచం కడుగుతున్న ఆమె చెయ్యి ఆగింది. "ఓహో," అంది. "అలాగా."

ఆనందంలో ఉన్న నాకు ఆ చెయ్యి కనిపించింది గానీ, అది ఎందుకాగిందో తట్టలేదు.

గురువారం ఊ మేడమ్ చదరం తెరమీదికి వచ్చింది. నేను ఆట చెప్పి, "నేను తప్పు చెబితే ఈ వారం హోంవర్కు లేదు," అన్నాను. ఎన్నడూ లేనిది, వరసలు వచ్చి పడ్డాయి.

"సిగ్నల్ బాబూ, నీది కల్పన. నువ్వు నాణెం ముట్టుకోలేదు."

టక్కున ఒక చదరం వెలిగింది. అందులో దుప్పటి కప్పుకున్న మొహం. "ఎలా తెలిసింది సార్?" అని అడిగింది. సిగ్నల్ పుష్కలంగా ఉంది.

ఇంకో రెండు చదరాలు వెలిగాయి. నాకు రెక్కలొచ్చాయి. అప్పుడే, వెనకబెంచీ అనే పేరుతో ఎవరో ఒక వరస పంపారు. బొమ్మ, బొమ్మ, బొమ్మ, బొరుసు, బొమ్మ, బొమ్మ, బొరుసు, బొమ్మ, బొరుసు... దాన్ని అందరికీ కనిపించేలా తెరమీద పెట్టాను.

"ఆహా, ఇది చూడండి. మొదటి మూడూ నిజం. అక్కడెవరో కళ్ళెర్రజేశారు, మనవాడు జడుసుకున్నాడు. అక్కణ్ణుంచి రెండు బొమ్మలు కాగానే ఒక బొరుసు, ఎంత పద్ధతో. పైగా బొమ్మలే ఎక్కువ. అంటే బొమ్మ పడితే ఇతగాడికేదో లాభం ఉందన్నమాట."

"మనిషి ఎలాంటివాడు సార్?" ఇది అడిగింది హాజరు. ఆ అమ్మాయి రెండోమాట వినడం నాకదే మొదలు.

"పిరికివాడమ్మా. దొంగతనం చేయాలనీ ఉంది, దొరక్కూడదనీ ఉంది."

వెనకబెంచీ మైకు తెరుచుకుంది. "సార్, ఒక సందేహం," అన్న గొంతు కంప్యూటర్లోంచీ వచ్చింది, మా వంటింట్లోంచీ వచ్చింది. గొంతు సరిగా వినబడుతోందో లేదో చూడమని క్లాసు లింకు ఆమె ఫోనుకి పంపినవాణ్ణి నేనే.

"బొమ్మ పడితే మా ఇంట్లో గిన్నెలు నేను తోమాలి సార్. మా ఆయన ముందుగదిలో ఎగరేసి కేకేస్తారు. రోజూ మా అక్కకి 'ఇవాళ నేను' అనో 'ఇవాళ ఆయన' అనో ఫోన్లో పెడుతుంటాను, అందులోంచి చూసి రాశాను. ఆయన నిజాయితీపరుడేనా?"

నేను కీబోర్డు మీద లేని బొత్తామేదో వెతుక్కుంటూ వంగిపోయాను.

"సార్," అన్నాడు సిగ్నల్ జాలిగా, "సిగ్నల్ పోయిందా?"

ఒక్కో చదరమే వెలుగుతూ వచ్చింది. ఇన్నాళ్ళూ పేర్లుగా మిగిలినవాళ్ళందరికీ మొహాలొచ్చాయి, అన్ని మొహాలూ నవ్వుతున్నాయి. ఊ మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "జవాబు చెప్పండి మాస్టారూ, పిల్లలు ఎదురుచూస్తున్నారు," అన్నారు.

"నిజాయితీపరుడు కాదమ్మా," అన్నాను. "కానీ మొదటి మూడూ నిజం. ఒట్టు."

"ఆ మూడూ నమ్ముతాను సార్. అప్పుడు అనుమానించడం నా తప్పే."

"ఒక్క వరస చూసి మనిషిని ఉరితీయకూడదు," అన్నాడు సిగ్నల్. "నిజం నాణెం కూడా ఒక్కోసారి అలా పడొచ్చుగా?"

"పడొచ్చు. కానీ సార్ ఒప్పేసుకున్నారుగా," అంది హాజరు.

"ఒప్పుకోకపోతే ఏ మాత్రం నమ్మేవాళ్ళం? అది లెక్కకట్టాలి," అన్నాడు సిగ్నల్.

లెక్కకట్టారు. వాదించుకున్నారు. ఇళ్ళలో నాణేలు ఎగరేసి చూశారు. ఎవరిదో మంచం కిందికి దొర్లిపోతే వాళ్ళ నాన్నగారు వెతికి ఇచ్చారు. క్లాసు సమయం అయిపోయినా ఒక్కరూ కదలలేదు. చివర ఊ మేడమ్, "వీడియోలొద్దు. ఇలాగే కానివ్వండి," అని, అలవాటు కొద్దీ ఒక "ఊ" కూడా చేర్చి వెళ్ళిపోయారు.

క్లాసు నిలిచింది. పరువు మాత్రం సింకులో పడింది.

ఇప్పుడు నాణెం వంటింట్లోనే, ఆమె కళ్ళముందే ఎగరేయాలి. ఒకరు తోముతుంటే ఇంకొకరు పక్కన నిలబడి తుడవాలి. తీరా చూస్తే ఇది నాకు నచ్చింది. తుడుస్తూ ఆమె క్లినిక్ కబుర్లు చెబుతుంది. డాక్టరుగారి వేలు కొరికి, ఆయన్నే సారీ చెప్పమన్న పెద్దాయన కథ విన్నరోజు నేను ఒకే మూకుడు మళ్ళీ మళ్ళీ తోమాను.

మొన్న ఆమె పొద్దుటి నుంచీ నిలబడి నిలబడి ఇంటికొచ్చింది. నేను ఎగరేసిన నాణెం చేతికందక ఫ్రిజ్జు కిందికి దొర్లిపోయింది. బోర్లా పడుకుని ఫోను వెలుగులో చూశాను. బొమ్మ.

"బొరుసే," అన్నాను.

"జరగండి, నేనూ చూస్తా." ఆమె కూడా పడుకుని చూసింది. లేచి మోకాళ్ళు దులుపుకుంది. "అది బొమ్మ కదండీ."

"అవునా? చీకట్లో తెలీలేదు."

"మళ్ళీ అబద్ధం."

"ఇది మంచి అబద్ధంలే."

"మంచిదో కాదో గురువారం క్లాసులో పెడతాను, పిల్లలే తేలుస్తారు. అందాకా చెప్పినమాట మీద నిలబడండి," అంటూ పీచు నా చేతిలో పెట్టి, తుడిచే గుడ్డ భుజాన వేసుకుని, స్టూలు లాక్కుని కూర్చుంది. "మూకుడుతో మొదలుపెట్టండి. ఇవాళ ఒకావిడ వచ్చిందిలెండి..."