అంతరిక్ష నౌకకు పెద్దమనుషుల తీర్పు

చిలకలూరిపేట పట్టణ ప్రజలకు తెలియజేయడమేమంటే, గత ఆదివారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు పాలపుంత నాశనమైంది. ఇందులో ఎవరి తప్పూ లేదని అప్పటికప్పుడే విచారణలో తేలింది. ఇరు వర్గాల పెద్దలూ ఆ మేరకు సంతకాలు చేశారు. ఇడ్లీలు వేడిగా ఉన్నాయని కూడా ఆ కాగితంలోనే రాశారు.

అంతవరకూ పదకొండేళ్ళుగా పాలపుంతను కాపాడుతూ వచ్చింది తేజశ్రీ. హైవే పక్కన స్పిన్నింగు మిల్లులో దూది నాణ్యత చూసే ఉద్యోగం ఆమెది. ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో సిలార్ నడిపే గేమ్ సెంటర్లో ‘ధ్రువనౌక’ అనే వీడియో గేము మొదలుపెట్టింది. మూడు భాగాల కథ అది. ఆడేవాళ్ళే నౌకకు కెప్టెన్. ఎవరిని నమ్మాలో, ఎవరితో ఏం మాట్లాడాలో, ఎవరిని వదులుకోవాలో కెప్టెనే తేల్చుకోవాలి. మొదటి భాగంలో తేల్చింది మూడో భాగంలో ఎదురొస్తుంది. కెప్టెన్‌కు ఆమె తన పేరే పెట్టుకుంది. ఇంటర్లో ఏ గ్రూపు తీసుకోవాలో ఆమెకు మేనమామ తేల్చి చెప్పాడు. ఏ ఉద్యోగంలో చేరాలో బాబాయి తేల్చాడు. ఏ షిఫ్టుకు రావాలో మేనేజరు తేలుస్తున్నాడు. ఆమె సొంతంగా తేల్చుకోగలిగిందల్లా ఆ నౌకలోనే. అందుకే దాన్ని ప్రాణంగా చూసుకుంది.

ఆ నౌకలో బోర్క్ అనే ఇంజనీరు ఉన్నాడు. నీలం రంగు, నాలుగు చేతులు. ఈల్యా అనే డాక్టరు ఉంది. ఒళ్ళంతా గాజు, నోరు లేదు, మాట నేరుగా మనసుకే వినిపిస్తుంది. ఆడినవాళ్ళలో చాలామంది రెండో భాగంలోనే ఈ ఇద్దరిలో ఎవరో ఒకరిని పోగొట్టుకున్నారు. పేటలో ఇద్దరినీ బతికించుకున్నది తేజశ్రీ ఒక్కతే. తండ్రి పోయిన ఏడాది పరీక్షలు కూడా మానేసి కూర్చున్న పిల్ల, ఈల్యా చావకుండా చూడటానికి మాత్రం రోజూ సెంటరుకు వచ్చేదని సిలార్ ఇప్పటికీ చెబుతాడు.

చివరి భాగం విడుదలకు వారం ముందు కంపెనీవారు ఒక ప్రకటన చేశారు. కథ చివర ఇంజను గదిలో ఒకరు ఉండిపోవాలి, ఉన్నవారు చనిపోతారు, బోర్కో ఈల్యానో తేల్చుకోవలసింది మీరే అన్నారు. ఈ సంగతి తెలియగానే మన పట్టణం ఏ నాగరిక పట్టణమైనా అడగవలసిన మొదటి ప్రశ్నే అడిగింది. ఇంతకీ బోర్క్ ఎవరాళ్ళు?

కంపెనీవారు ఇంటిపేర్లు ఇవ్వలేదు. అంత పెద్ద కంపెనీ అంత చిన్న విషయం మరిచిపోవడం విచారకరం. అయినా మనవాళ్ళు నిరుత్సాహపడకుండా సాక్ష్యాలు సేకరించారు. బోర్క్ తాతగారు తమ గ్రహంలో పొరుగువారి పొలంలోకి మూడడుగులు గట్టు జరిపిన వైనం రెండో భాగంలో దొరికింది. దాంతో ఒక వర్గంవారు బోర్క్ నిస్సందేహంగా తమవాడేనని గర్వంగా ప్రకటించారు. ఈల్యా ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు ముట్టదని (నోరు లేదు కాబట్టి) రెండో వర్గంవారు గుర్తించారు. అంతటి ఆచారం తమలో తప్ప ఇంకెక్కడుందని వారి వాదన. వర్గాల పేర్లు ఇక్కడ వేయడం లేదు. ఈ ప్రాంతపు పాఠకులకు అక్కర్లేదు, బయటివారికి చెప్పినా అర్థం కాదు.

బుధవారానికల్లా హైవే పొడుగునా ఫ్లెక్సీలు లేచాయి. ఒకదానిలో బోర్క్ గారు నాలుగు చేతులతోనూ నమస్కారం పెడుతున్నారు. ఎదురుగా ఈల్యా గారి ఫ్లెక్సీ. ఆవిడ ఒంట్లోంచి వెనకాల ఉన్న పత్తి జిన్నింగు మిల్లు కనిపిస్తుంటే బాగుండదని పట్టుచీర కట్టించారు.

గొడవ ముదరకుండా జయరావు గారిని మధ్యవర్తిగా ఉండమని కోరారు. ఆయనది పురుగుమందుల వ్యాపారం. నలభై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల ఆయన తీర్చిన తగువుల్లో ఓడిపోయామని ఏ పక్షమూ అనలేదు, గెలిచామని కూడా అనలేదు. తేజశ్రీ ఆయన దుకాణానికి వెళ్ళి ఒక విషయం విన్నవించుకుంది. ఇద్దరినీ చివరిదాకా బతికించుకున్నవారికి మూడో దారి కూడా వస్తుంది, కెప్టెనే ఇంజను గదిలో ఉండిపోవచ్చు అని కంపెనీ ప్రకటన అడుగున చిన్న అక్షరాల్లో ఉందని చెప్పింది.

“నేనే వెళ్తానండీ. పదకొండేళ్ళు వాళ్ళిద్దర్నీ కాపాడుకుంది ఇందుకే,” అంది.

జయరావు గారు కండువా సర్దుకున్నారు. “ఆట నీదేనమ్మా, ఎవరు కాదన్నారు. నిర్ణయం మాత్రం ఊరిది. నీ అంతట నువ్వే వెళ్ళిపోతే ఇంక మేమెందుకు? రేపు జనం మమ్మల్ని అడగరా?” అన్నారు.

ఆ చివరి నిర్ణయానికి రెండే నిమిషాల గడువుంటుందని, ఆ రెండు నిమిషాలూ ఆటను ఆపడం కుదరదని కూడా అందులోనే ఉందని ఆమె చెప్పింది. గడువుకు లొంగి తీర్పు చెప్పిన అలవాటు తమకు లేదని ఆయన సెలవిచ్చారు.

చివరి భాగం విడుదలైన ఆదివారం ఫంక్షన్ హాల్లో పెద్ద తెర కట్టారు. ఒక వర్గం కుడివైపు, ఒక వర్గం ఎడమవైపు కూర్చుంది. సిలార్ మైకు పట్టుకుని ఇంగ్లీషు మాటలను తెలుగులో చెబుతున్నాడు. రెండు వర్గాలూ తన కస్టమర్లే కాబట్టి ప్రతి పాత్రకూ గారు తగిలించాడు. శత్రుసేనలోని యంత్రపురుగులను కూడా వదల్లేదు. తేజశ్రీ తెల్లవారి ఆరింటి నుంచీ ఆడుతూనే ఉంది. కాలుతున్న రెండు గ్రహాలు దాటించింది, నౌకలో నాలుగు వందల మందిని ఒడ్డున పడేసింది. ఆ సేపట్లో హాలులో ఎవరూ ఎవరాళ్ళని అడగలేదు. ఆ మాట కూడా చెప్పాలి.

పదకొండూ పద్దెనిమిదికి ఇంజను గది తలుపు వచ్చింది. తెరమీద మూడు పేర్లు వెలిగాయి. బోర్క్, ఈల్యా, తేజశ్రీ. కింద గడియారం మొదలైంది. తేజశ్రీ వేలు మూడో పేరుకు ఉన్న బటన్ మీదికి వెళ్ళేలోపు ఇద్దరు కార్యకర్తలు వచ్చి ఆమె చేతిలోని కంట్రోలర్ తీసుకున్నారు. తగువులో ఉన్న వస్తువును తీర్పయ్యేదాకా మధ్యవర్తి దగ్గర ఉంచడం మన ఆనవాయితీ. జయరావు గారు దాన్ని కండువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. తరువాత పెద్దలను వేదిక మీదికి ఆహ్వానించారు. కుడివైపు నుంచి ఒకరిని పిలిస్తే ఎడమవైపు నుంచి ఒకరిని పిలవాలి. ఒకరికి కప్పిన శాలువాకన్నా మరొకరిది పొట్టిగా ఉందని తేలడంతో రెండూ మార్చవలసి వచ్చింది.

తేజశ్రీ వేదిక కిందికి పరుగెత్తింది. “ఇంకా నలభై సెకన్లున్నాయండీ. ఒక్క బటన్. మీ కాళ్ళు పట్టుకుంటాను, ఇవ్వండి,” అంది. మిల్లులో ఆమెతో పనిచేసే మాణిక్యమ్మ వెనక వరసలోంచి లేచింది. “పదకొండేళ్ళు కాపాడిన పిల్లయ్యా అది. ఆ రిమోటు దాని చేతికిచ్చి పక్కకి తప్పుకోండి,” అంది. సభామర్యాద పాటించవలసిందిగా మైకులో కోరారు.

జయరావు గారు గొంతు సవరించుకున్నారు. “పెద్దలారా, ఈ శుభసందర్భంలో...” అంటుండగా తెర తెల్లబడింది. ముందు ఇంజను గది పేలింది, తరువాత నౌక, ఆ తరువాత మిగతా నక్షత్రాలు వరసగా ఆరిపోయాయి. సిలార్ మైకు కట్టేశాడు. పదకొండేళ్ళుగా తేజశ్రీ దాచుకున్న ఆట రికార్డు మీద ఈ ముగింపే పడిపోయింది, ఇక వెనక్కి వెళ్ళడం కుదరదు. తేజశ్రీ అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది.

చివర తెరమీద లెక్క ఒకటి వచ్చింది. ఇంతవరకు ప్రపంచంలో ఏ నిర్ణయమూ చేయకుండా ఆట ముగించినవారు: ఒక్కరు. హాలు చప్పట్లతో మారుమోగింది. ప్రపంచంలో ఇంకెవరికీ చేతకాని సమన్యాయం చేశామని, ఇరువైపులా సమానంగా నష్టపోయినందున ఎవరికీ అన్యాయం జరగలేదని జయరావు గారు తీర్పు చదివారు. ఎదురు మాట అనకుండా సహకరించినందుకు తేజశ్రీకి కూడా శాలువా కప్పారు. అది పొట్టిదే మిగిలింది.

సాయంత్రానికి చిన్న చిక్కు వచ్చింది. ఈల్యా గారికన్నా బోర్క్ గారు మూడు సెకన్లు ఆలస్యంగా పోయారని, ఇది పక్షపాతమని ఒక వర్గం అభ్యంతరం తెలిపింది. దానిపై కమిటీ వేశారు. ఈలోగా రెండు వర్గాలూ వేర్వేరుగా సంతాప సభలు జరుపుకున్నాయి. కెప్టెన్‌కూ ఒక సభ పెట్టమని మాణిక్యమ్మ అడిగితే, పెట్టేవాళ్ళమే, కానీ కెప్టెన్‌కు ఆటలో ఇంటిపేరు రాయలేదు, ఎవరు పెట్టాలో తేలడం లేదు అన్నారు.

పాఠకులకు మనవి. ఈ నివేదికలోనూ తేజశ్రీ ఇంటిపేరు ఎక్కడా రాయలేదు. రెండో పేరా నుంచీ మీరు దానికోసమే చూస్తున్నారని మాకు తెలుసు. జయరావు గారిదీ రాయలేదు. ఆయన విషయంలో మాత్రం మీరు ఎప్పుడో తేల్చేసుకున్నారు.