ఓదెలు బోరులో సముద్రం

ఆ ఆదివారం ఓదెలు పెట్టుకున్న పని చాలా చిన్నది. చాయ్ తాగి, కిరాణా కొట్లో బిస్కెట్లు పోసిపెట్టే ప్లాస్టిక్ డబ్బా ఒకదానికి రెండు చిల్లులు పెట్టి, పైపులు బిగించి, చేపల తొట్టికి తగిలించాలి. పదింటికల్లా పటాన్‌చెరు వెళ్లి మటన్ తేవాలి. మటన్ సంగతి భార్య ముత్యమ్మ మూడు వారాలుగా గుర్తుచేస్తూనే ఉంది. ఆ రోజు మటన్ రాలేదు. తర్వాతి ఆదివారమూ రాలేదు.

తొట్టి ఓదెలుది కాదు. తన ఊరు కర్దనూర్‌కు ఎగువనున్న మందుల కంపెనీలో అతను పదకొండేళ్లుగా కాంట్రాక్టు ఫిట్టరు. ఆ కంపెనీ జనరల్ మేనేజరు సూర్యప్రకాశరావు గారికి 2005లో ఉప్పునీటి చేపల మీద మోజు పుట్టింది. రెండడుగుల అద్దాల తొట్టి, అందులో నారింజ రంగు మీద తెల్లపట్టీలున్న రెండు చేపలు. నెలరోజులు సెలవు మీద పోతూ ఆయన దాన్ని ఓదెలు ఇంట్లో దింపించారు. తోడుగా సముద్రపు ఉప్పు సంచి, సీసాలో పచ్చటి నాచు ముద్ద, ఇంటర్నెట్ సెంటర్లో తీయించిన నాలుగు కాగితాలు ఇచ్చారు.

"నేనొచ్చేసరికి చేపలు బతికుంటే నిన్ను పర్మనెంట్ చేయిస్తాను. కాంట్రాక్టు మనిషి చేత సొంత పని చేయించుకుంటున్నానని తెలిస్తే మాత్రం హెడ్డాఫీసు ఊరుకోదు. ఈ తొట్టి సంగతి ఎవరికీ చెప్పకు" అన్నారు.

పర్మనెంట్ అన్న మాట తర్వాత ఓదెలుకు మిగతావి అంత గట్టిగా వినపడలేదు. ప్రతి మార్చి నెలాఖరున కాంట్రాక్టరు మళ్లీ పనిలో ఉంచుకునే వాళ్ల పేర్లు చదువుతుంటే తన పేరు వచ్చేదాకా ఊపిరి బిగబట్టి నిలబడటం పదకొండుసార్లు అయింది. పన్నెండోసారి నిలబడే ఓపిక అతనికి లేదు.

రెండు వారాలకు తొట్టి నిండా జిగురు పాచి పట్టింది. చేపలు నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఓదెలు కాగితాలు తీశాడు. ఇంగ్లీషు సగమే అర్థమైనా బొమ్మలు పూర్తిగా అర్థమయ్యాయి. వేరే డబ్బాలో నాచు పెట్టి, చుట్టూ లైట్లు బిగించి, తొట్టి నీళ్లను మోటారుతో అందులోంచి తిప్పుతూ ఉండాలి.

"పాచి పోవాల్నంటే పాచి పెంచాల్నా?" అంది ముత్యమ్మ.

"ఇది మంచి పాచి. నీళ్లల్ల ఉన్న మురికంత ఇది తింటది. ఇగ చెడ్డ పాచికి కూడు దొరకదు, అదే సస్తది."

"దానికి కూడు పెట్టుడు బాగనే తెలుసు నీకు. మనింట్ల కూర వండి ఎన్ని దినాలైందో జెర అది సుత సూడు."

ఓదెలు డబ్బా చుట్టూ నాలుగు సీఎఫ్ఎల్ బల్బులు కట్టాడు. పైపులకు గమ్ము పూసి బిగించాడు. పైపులో రేపు ఏది పారుతుందో దానితోనే ఇవాళ పరీక్ష పెట్టాలన్నది ఫిట్టరుగా అతని నియమం. అందుకని బకెట్టులో ఉప్పు కలిపి పోశాడు. మూత దగ్గర కారింది. విప్పి మళ్లీ గమ్ము పూశాడు. ఈసారి కింద కారింది. ఆవిరి పైపుల్లో సైతం చుక్క కారనివ్వని మనిషి, బిస్కెట్ల డబ్బా ముందు ఓడిపోవడాన్ని తట్టుకోలేకపోయాడు. మూడు రోజులు డ్యూటీ నుంచి రాగానే అదే పని. గమ్ము వాసన పట్టిన నీళ్లు చేపలకు పనికిరావు కనుక ప్రతిసారీ పారబోసి కొత్తగా కలిపాడు. పద్నాలుగు బకెట్లకు డబ్బా దారికొచ్చింది.

పారబోసిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయో అతను ఆలోచించలేదు. ముత్యమ్మ అంట్లు తోమిన నీళ్లు గోడ కింది తూములోంచి పక్కింటి పుష్పమ్మ చిక్కుడు పాదుకు పారడం ఏళ్ల తరబడి ఉన్న ఏర్పాటు. పద్నాలుగు బకెట్ల సముద్రమూ అదే దారిన వెళ్లింది.

నాలుగో రోజు పొద్దున పుష్పమ్మ వచ్చింది. ఒకప్పుడు వాగు పక్కన రెండెకరాల జొన్న చేను చేసిన మనిషి. వాగు నీళ్లు చెడి, చేను తెల్లబారి బీడుపడ్డాక ఆమెకు ఒక విద్య అబ్బింది. నీళ్లు నాలుక మీద వేసుకుని అవి ఏ కంపెనీవో చెప్పేది. ఊరివాళ్లు అధికారుల పరీక్షల కన్నా ఆమె నాలుకనే నమ్మేవారు. ఆ రోజు తూము దగ్గర వేలు ముంచి నాలుకకు రాసుకుంది. తుపుక్కున ఉమ్మేసింది.

"ఓదెలూ, నీ బోరు ఖతమైందిరా."

"ఏందత్తా?"

"ఉప్పు కషాయం. మీదికెల్లి మందు వాసన. మీ కంపెనీ నీళ్లే, ఇంకోటి కాదు. నా పాదు పానం దీసినయి. నా పాదు పోతే పాయె, మీరు ఇవే తాగుతుండ్రు కద బిడ్డా" అని ఆమె కళ్లొత్తుకుంది.

చెప్పేయడానికి అంతకన్నా మంచి సమయం మళ్లీ రాదు. ఓదెలు నోరు తెరిచాడు. పర్మనెంట్ గుర్తొచ్చి మూసేశాడు. రెండు రోజులైతే అందరూ మరిచిపోతారులే అనుకున్నాడు.

మధ్యాహ్నానికి ఓదెలు బోరుకు తాగొద్దని ఎర్రగుడ్డ కట్టారు. ఆ ఊళ్లో ప్రతి ఇంట్లోనూ నీళ్లు పట్టి అధికారులకు చూపడానికి కడిగిపెట్టిన సీసాలుంటాయి. అర డజను సీసాలు తూము దగ్గరే నింపారు. పక్కనే తియ్యటి బోరు పెట్టుకుని, పుష్పమ్మ ఇంటి నుంచి బిందెలు మోయాల్సొచ్చిన ముత్యమ్మ మొగుడి వంక చూసిన చూపుకు పాదు ఎండిందన్నా నమ్మొచ్చు.

"చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

"పదిహేను దినాలు ఓపిక పట్టు. సారు వస్తడు."

మర్నాడు ఊరంతా కంపెనీ గేటు ముందు కూర్చుంది. అందరికన్నా ముందు ఓదెలును కూర్చోబెట్టారు. బోరు పోయిన మనిషి వెనక కూర్చుంటే బాగుండదు కదా. పైగా అది అతని డ్యూటీ టైము. లోపలికి పోతే ఊరు ఊరుకోదు, పోకపోతే కాంట్రాక్టరు ఊరుకోడు. తన కంపెనీకి వ్యతిరేకంగా తన ఉప్పు సీసా చేతిలో పట్టుకుని ఓదెలు ఎండలో కూర్చున్నాడు. నినాదాల్లో అతని గొంతు అందరికన్నా చిన్నగా లేచినా, అది గుండెకోత అనుకున్నారు.

జీఎం లేని ఆ నెల కంపెనీకి పెద్ద త్రినాథరావు గారు. మురుగునీటిని శుద్ధి చేసే విభాగానికి ఇంజనీరు. ఆయన సీసాలు ల్యాబుకు పంపారు. కంపెనీ మురుగులో ఉన్నంత ఉప్పు ఉందన్న రిపోర్టు చూసి చెమటలు తుడుచుకుంటూ ఓదెలును గదిలోకి పిలిపించారు. తలుపేశారు.

"నీకు ఎప్పట్నించి తెలుసయ్యా?"

చేపల సంగతి బయటపడిందనుకున్నాడు ఓదెలు. "రెండు వారాల సంది సార్."

"ఎవరెవరికి చెప్పావు?"

"ఎవ్వలకు చెప్పలే సార్. చెప్పద్దని జీఎం సారు ముందే చెప్పిండు."

త్రినాథరావు గారి ముఖంలో నెత్తురు లేదు. "ఆయనక్కూడా తెలుసా?"

"ఆయనే కద సార్ నాకు అప్పజెప్పి పోయింది. సూసుకుంట ఉండుమన్నరు."

ఆయన లేచి, "ఇంక దాచి ఏం లాభం. స్పానర్లు పట్టుకురా" అన్నారు.

శుద్ధి ట్యాంకుల వెనక, తుమ్మ కంప కింద నాలుగంగుళాల పైపు ఉంది. శుద్ధి చేయాల్సిన నీళ్లు శుద్ధి అనే మాట వినకుండానే అందులోంచి వాగులోకి పోతున్నాయి. పైఖర్చు తప్పించడానికి త్రినాథరావు గారు తనంతట తాను చేసుకున్న ఏర్పాటు అది. జీఎంకు తెలియదనుకున్నారు. ఇప్పుడు చూస్తే జీఎం కాపలాకు ఫిట్టర్ని కూడా పెట్టి వెళ్లారు.

ఓదెలుకు విషయం అప్పుడు అర్థమైంది. పుష్పమ్మ రెండెకరాలు కళ్లముందు మెదిలాయి. కోపం వచ్చింది. పదకొండేళ్లు ఈ గోడకు ఇవతలే తిరిగి, ఒక్కసారి కూడా కంప పక్కకు తీసి చూడనందుకు సిగ్గూ వేసింది. పైపు మూతికి ఇనప బిళ్ల వేసి ఆరు బోల్టులు బిగించాడు. మొదటిసారికే చుక్క కారలేదు.

సాయంత్రానికల్లా కంపెనీ దిగొచ్చింది. ఊరికి రోజూ మంచినీళ్ల ట్యాంకరు పంపుతామంది. ఊరు దాంతో ఆగలేదు. అడగగానే ఇచ్చారంటే లోపల ఇంకా ఎంత ఉందో అన్నాడు యాదన్న, ఓదెలుతో పాటు పనిచేసే కాంట్రాక్టు కూలీ. నిజమేనంది ఊరు. వారం తిరిగేసరికి కంపెనీకి తాళం వేయాల్సిందేనని అధికారులకు కాగితం రాశారు. ఎల్లుండి వాళ్లు చూడ్డానికి వస్తారన్న కబురూ వచ్చింది.

ఓదెలు లెక్కేసుకున్నాడు. తాళం పడితే ఊళ్లో అరవై మంది పని పోతుంది. తాళం వేసిన కంపెనీలో పర్మనెంట్ ఎవరిస్తారు? ఆలోచించే కొద్దీ నిజం చెప్పడం తప్ప మార్గం కనపడలేదు. మర్నాడు ఉప్పు సంచి, ఖాళీ బకెట్టు మోసుకుని, ఊరు ఇంకా కూర్చునే ఉన్న గేటు ముందుకు వెళ్లాడు.

"అత్తా, అందరినీ మోసం చేసిన. నా బోరు చెడలే. జీఎం సారు చేపల కోసం నేనే ఉప్పునీళ్లు కలిపి పారబోసిన. నీ పాదును సంపింది నేను."

అందరి ముందే బకెట్టులో ఉప్పు కలిపాడు. పుష్పమ్మ వేలు ముంచి నాలుకకు రాసుకుంది.

"ఇది వట్టి ఉప్పు. ఆ దినం మందు వాసన ఉండె. నా నాలుకకు తెల్వదనుకున్నవా?"

గమ్ము తేవడం మరిచిపోయినందుకు ఓదెలు తనను తాను తిట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే గేటు లోపల్నుంచి త్రినాథరావు గారు గొంతెత్తారు. "విన్నారుగా, మీవాడే చెబుతున్నాడు. అంతా చేపల వల్లేనండి." కంపెనీ మనిషి నోట అంత సంతోషం విన్నాక, ఊరికి కొద్దో గొప్పో ఉన్న అనుమానం కూడా తీరిపోయింది.

"అంటే కంపెనీది ఏం తప్పు లేదంటవ్?" పుష్పమ్మ సూటిగా అడిగింది.

ఓదెలుకు తుమ్మ కంప కింది పైపు కనపడింది. లేదని చెప్పడానికి నోరు రాలేదు. ఉందని చెప్పడానికి ధైర్యం రాలేదు. తల దించుకున్నాడు.

"ఒక్కటి చెప్పురా. నీకు పర్మనెంట్ ఇస్తమన్నరా, లేదా?"

ఆ రోజు అబద్ధం చెప్పకూడదని ఇంటి దగ్గరే ఒట్టు పెట్టుకున్నాడు.

"అన్నరత్తా. గని అది చేపల గురించి."

గేటు ముందు లేచిన నవ్వు ఊరిదాకా వినపడి ఉంటుంది. యాదన్న కళ్లలో నీళ్లు తిరిగేంత నవ్వాడు. పుష్పమ్మ ఒక్కతే నవ్వలేదు. "తూ" అని ముఖం తిప్పుకుంది. ఆ 'తూ' ఓదెలుకు ఊరి నవ్వంతటికన్నా గట్టిగా తగిలింది.

కబురు అందగానే సూర్యప్రకాశరావు గారు సెలవు మధ్యలోనే వచ్చేశారు. తొట్టిలో నీళ్లు అద్దంలా ఉన్నాయి, చేపలు ఒళ్లు చేశాయి. త్రినాథరావు గారి నోటనే పైపు సంగతి విన్నారు. దాన్ని మూసిన ఫిట్టరు ఎవరో కూడా విన్నారు. అలాంటి మనిషిని కాంట్రాక్టరు చేతిలో వదలడం క్షేమం కాదని ఆయనకు వెంటనే తోచింది. ఊరికి మంచినీళ్ల పైపులైను రాసిచ్చారు. ఊరు తాళం మాట వెనక్కి తీసుకుంది. అధికారులు చాయ్ తాగి వెళ్లారు.

అప్పట్నించి ఊళ్లో ఓదెలును పలకరించిన వాళ్లు లేరు. షేర్ ఆటోలో అతని పక్కన కూర్చోవడం కన్నా వేలాడటమే నయమనుకున్నారు. ముత్యమ్మ కూడా అవసరానికి తప్ప మాట్లాడటం మానేసింది.

ఆ నెలాఖరున పర్మనెంట్ ఆర్డరు చేతికొచ్చింది. కారణం అన్న చోట కంపెనీ వారు "గ్రామస్తులతో సత్సంబంధాలు కలిగి ఉన్నందున" అని టైపు చేయించారు.