చిమ్నీలో రెండు కొక్కేలు

ఆ శుక్రవారం పొద్దున అజ్మాన్‌లోని ఆ పాత ఇంట్లో నలుగురున్నారు. లేబర్ క్యాంపు వాళ్ళకు భోజనం క్యారియర్లు కట్టే హబీబున్నీసా, ఆమె భర్త హయాత్ బాషా, పదిహేనేళ్ళ కూతురు ఆఫ్రీన్, బయటి గదిలో అద్దెకుండే లచ్చన్న. ఆఫ్రీన్ మాట్లాడితే పక్కనున్న వాళ్ళకే సరిగా వినపడదు.

ఇంటి యజమాని అబూ సైఫ్ పక్కింట్లోనే ఉంటాడు. వంటింటి పొగ మరొక్కసారి తన తల్లి గదిలోకి వస్తే "కిచెన్ ఖలాస్", ఇక బంద్ అని చెప్పి వెళ్ళాడు. జుమ్మా నమాజుకు ముందు వచ్చి చూస్తానన్నాడు. పొయ్యి పోతే హబీబున్నీసా క్యారియర్లూ పోయినట్టే. ఆలోపే చిమ్నీ గొట్టంలోని మసి దులపాలి.

లచ్చన్న మిద్దె ఎక్కి, తాడుకు చీపురు కట్టి గొట్టంలోకి దింపాడు. అది సగంలో ఇరుక్కుంది. గట్టిగా లాగితే తాడు తెగింది.

"ఫికర్ జెయ్యకు భాభీ! మా ఊర్ల బాయిల పడ్డ బొక్కెనలన్నీ నేనే తీసేటోన్ని," అని పైనుంచి అరిచి, హ్యాంగర్లు వంచి కొక్కేలు చేసి, ఇంకో తాడుకు కట్టి వదిలాడు.

"బావులు ఆయన ఊర్లోనే ఉండాయా?" అని గొణుక్కుంటూ కింద హయాత్ బాషా కూడా ఒక లావుపాటి తీగ చివర వంచి, పొయ్యి మీది రేకు గూట్లోంచి పైకి దోపాడు.

పైన తగిలింది. "దొర్కింది!" కిందా తగిలింది. "చిక్కింది!" ఇద్దరూ లాగడం మొదలుపెట్టారు.

"ఆఫ్రీన్! చీపురు పట్టినా, కానీ మొండిగా ఉంది. పైన చాచాకు చెప్పు పో."

ఆమె మెట్లెక్కింది.

"బిడ్డా, చీపురు కిందికి గుంజుతాంది! నేను మాత్రం ఇడువ అని మీ అబ్బాకు చెప్పు."

ఆమె దిగింది. ఇంకోసారి ఎక్కి దిగేసరికి విషయం అర్థమైంది. ఇద్దరూ లాగుతున్నది చీపురును కాదు, ఒకరి కొక్కేన్ని ఒకరు.

"అబ్బా, అది చీపురు కాదు..."

"ఉండు బేటీ, పట్టు జారుతుంది!"

హబీబున్నీసా కూడా వచ్చి భర్త నడుము పట్టుకుని లాగింది. రేకు గూటి స్క్రూ ఒకటి ఊడి పొయ్యి మీద పడింది. తరువాత ఇంకొకటి. ఆఫ్రీన్ మళ్ళీ పైకి పరుగెత్తింది.

"చాచా, మీరు లాగేది..."

"ఏంది బిడ్డా? ఇనవడ్తలే!"

గేటు చప్పుడైంది. ఆఫ్రీన్ సగం మెట్లు దిగేలోపే అబూ సైఫ్ పొడవాటి తెల్లటి కందూరా అంగీతో వంటింట్లోకి నడిచాడు. "క్యా హోరా?" అంటూ వంగి, గూటి కిందికి తల పెట్టి పైకి చూశాడు. గూడు ఒక పక్కకు ఒరగడం మెట్ల పక్క కిటికీలోంచి ఆఫ్రీన్‌కు కనిపించింది.

"వదలండీ!"

ఆ గొంతు ఆఫ్రీన్‌దేనని ఆఫ్రీన్‌కే నమ్మకం కుదరలేదు. పైనా కిందా ఒకేసారి వదిలేశారు. గూడు నిలిచింది. కొక్కేలు, చీపురు, ఏళ్ళనాటి మసి మొత్తం అబూ సైఫ్ మీద పడ్డాయి.

హబీబున్నీసా తన పొయ్యిని కడసారి చూసుకుంటున్నట్టు చూసింది.

అబూ సైఫ్ కళ్ళు తుడుచుకుని పైకి చూశాడు. గొట్టం చివర గుండ్రటి ఆకాశం, అందులో లచ్చన్న ముఖం. జేబులోంచి లైటర్ తీసి, కాగితం ముక్క వెలిగించి కింద పట్టాడు. పొగ నిటారుగా పోయింది. పైన లచ్చన్న దగ్గాడు.

"జైన్, బాగుంది. కిచెన్ రఖో," అన్నాడు అబూ సైఫ్. హయాత్ బాషా ఊడిన స్క్రూలు ఏరుకోసాగాడు.

అప్పుడే పక్కింట్లోంచి ముసలామె కేకలు వినిపించాయి. మసితో నల్లబడ్డ అబూ సైఫ్ ముఖం గంభీరమైంది.

"పొగ ఖలాస్. అబ్ బోలో, మేరీ అమ్మీ నిద్ర చెడగొట్టిన ఆ గొంతు కిస్కా, ఎవరిది?"

"మా ఇంట్లో అంత గొంతు ఎవరికీ లేదు సాబ్," అంటూ హబీబున్నీసా అప్పుడే మెట్లు దిగి వచ్చిన కూతుర్ని గదిలోకి నెట్టి తలుపు మూసింది.