ప్రళయాన్ని ఆపే మాట

ఆ ఆదివారం ఉదయం జ్ఞానప్రసూన టీచరు కాఫీ తాగుతూ వానను గురించి ఒక నిర్ణయానికి వచ్చింది. వాన సన్నగా మొదలవ్వాలి. మనువు పడవ ఎక్కేదాకా కురవాలి. తను చెయ్యెత్తి ఒక్క మాట అనగానే ఆగిపోవాలి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె ఒక్క మాటకు మించి ఖర్చు పెట్టకుండానే తరగతులు నిశ్శబ్దమయ్యాయి. వాన మాత్రం ఎందుకు వినదు?

బెంగాలీల మధ్య కాపురమున్న గార్డెన్ రీచ్ తెలుగువాళ్ళ వార్షికోత్సవంలో పిల్లల నాటకం ఎప్పుడూ ఆమె భర్త భానుమూర్తిదే. రాసేదీ, ఆడించేదీ, పంపు మనిషితోనూ లైట్ల మనిషితోనూ బెంగాలీలో బతిమాలుకొని టీ తాగి వచ్చేదీ ఆయనే. ఈసారి నాటకం ప్రపంచంలోని జలప్రళయాల గురించి. చేపను నమ్ముకున్న మన మనువు, పెట్టెలో తేలి కొండ చేరిన గ్రీకుల డ్యుకాలియన్, రెల్లుగోడతో మాట్లాడుతున్నట్టు నటించి మనిషికి రహస్యం అందించిన సుమేరు దేవుడు, అందరూ ఒకే వానలో తడుస్తారు. చైత్రంలో రాయడం పూర్తిచేశాడు. జ్యేష్ఠం చూడలేదు. ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు. ఎత్తడానికి ఇంట్లో ఆమె ఒక్కతే.

సంఘం కార్యదర్శి సునీల్‌కుమార్ మాత్రం ఎత్తాడు. హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఆఫీసరు, ముక్కుసూటి మనిషి.

"మేడమ్, సార్ అంటే మాకు గౌరవమే. కానీ పిల్లలకు తెలుగు వస్తలేదు, చూసేటోళ్ళకు ఓపిక లేదు. ఈసారి ఆడిద్దాం. మధ్యల ఆగిపోయిందనుకోండి, వచ్చే ఏడాది నుంచి ఇక సినిమా డాన్సులే. సరేనా?"

"ఆగదు," అంది టీచరు.

ఆ మాట అంత గట్టిగా నిలబడుతుందని ఆమె అనుకోలేదు.

సాయంత్రానికి హాల్లో అన్నీ సిద్ధమయ్యాయి. వేదిక పైన చిల్లుల గొట్టం, కింద నీళ్ళు పట్టే రేకు తొట్టి, ఒక పక్కన పంపు దగ్గర, తెలుగు ముక్క రాని బెంగాలీ మనిషి ఖోకన్‌దా. ఇంకో పక్కన, పెద్ద రేకు ఊపి ఉరుములు పుట్టించడానికి పోలిరాజు. ఓడల రేవులో పనిచేసే పోలిరాజుకు చిన్న శబ్దం అంటే ఏమిటో తెలియదు. అతని భార్య పున్నమ్మ చేప వేషానికి తోక కుడుతూ హెచ్చరించింది.

"టీచరమ్మా, ఈడి సేతికి రేకిచ్చీసినారు. ఇంక దేవుడు దిగొచ్చి సెప్పినా ఆపడు."

"నువ్వూరుకోయే! ఉరుమంటే ఉరుమునాగే ఉండాల," అన్నాడు పోలిరాజు.

నాటకం బాగానే మొదలైంది. మనువు వేషం వేసిన ఆశిష్ "ఓ మత్స్యమా" అనవలసినచోట "ఓ మొత్స్యొమా" అన్నాడు కాని, ఈ ఊళ్ళో అది తప్పు కిందికి రాదు. చేప వేషంలో ఉన్న సమీర "నన్ను తినెయ్యకుండా కాపాడండి" అని దణ్ణం పెట్టినప్పుడు మాత్రం, ముందు వరసలో ముఖ్య అతిథిగా కూర్చున్న బెంగాలీ ప్రొఫెసరు, పక్కవాళ్ళు అర్థం చెప్పగానే, కాస్త ఇబ్బందిగా కదిలాడు.

వాన సన్నగా పడింది. జనం చప్పట్లు కొట్టారు. మనువు పడవ ఎక్కాడు. టీచరు చెయ్యెత్తి, పంపు వైపు తిరిగి, స్పష్టంగా, ఒకే ఒక్కసారి, "చాలు," అంది.

ఖోకన్‌దా భాషలో చాలు అంటే నడిపించమని. అతను వినయంగా తలూపి పంపు జోరు పెంచాడు.

వాన కుండపోత అయింది. టీచరు తన నియమం తప్పి రెండు మాటలు వాడింది. "చాలు, చాలు!"

రెండుసార్లు చెప్పించుకున్నందుకు ఖోకన్‌దా నొచ్చుకున్నాడు. రెండో కుళాయి కూడా తిప్పి, "ఆరో?" అని అరిచాడు. ఇంకా కావాలా అని అతని ఉద్దేశం. ఇతనికి తెలుగు ఎప్పుడు వచ్చిందా అని టీచరు ఆశ్చర్యపోయింది. తరవాత వచ్చేది ఆరో రంగమే.

"అవును, ఆరో!" అంది మెచ్చుకోలుగా.

ఖోకన్‌దా పంపును ఆఖరుదాకా తిప్పేశాడు. పై గొట్టం ఊడి ఏనుగు తొండంలా ఊగసాగింది. డ్యుకాలియన్ పెట్టె తనంతట తనే ప్రయాణం కట్టింది. రేకు తొట్టి పొర్లి నీళ్ళు ముందు వరసలోకి దిగాయి. సునీల్‌కుమార్ కాళ్ళు పైకి లాక్కొని కుర్చీలోనే పద్మాసనం వేశాడు.

"మేడమ్, ఆపమనండి! ప్రొఫెసర్ సార్ తడుస్తుండు!"

"ఆపమనే అంటున్నాను!"

పోలిరాజు ఉరుముల మధ్య తల బయటపెట్టి చూశాడు. కంగారులో మనిషికి అమ్మ నేర్పిన మాటే వస్తుంది.

"ఓర్నాయనో! సాలు! సాలు!" అని పంపు వైపు కేకవేశాడు.

ఖోకన్‌దాకు అది 'శాలా' అని వినిపించింది. అది తిట్టు. అతను పంపును దాని మానాన వదిలేసి, లుంగీ ఎగగట్టి వానలోకి నడిచి వచ్చాడు.

"కే? కే శాలా బోల్లో?" శాలా అన్నది ఎవడని నిలదీశాడు.

"నానేటన్నాను? సాలన్నాను, అంతే!"

"ఆబార్!" అన్నాడు ఖోకన్‌దా, మళ్ళీనా అన్నట్టు.

"ఓలమ్మ, మీ తగువు తగలెయ్యా!" అంటూ పున్నమ్మ ఇద్దరి మధ్య దూరింది. "ఓ దాదా, ఆడు నిన్ను తిట్టనేదు. సాలు అన్నాడు. సాలు!"

ఇప్పుడు ఆడవాళ్ళు కూడా అంటున్నారని ఖోకన్‌దా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. టీచరు వైపు తిరిగి, "బౌదీ చాలు బోల్లేన్, ఆమి చాలు కొర్లామ్!" అని మొరపెట్టుకున్నాడు. వదినగారు నడపమన్నారు, నడిపాను. నా తప్పేమిటి?

టీచరుకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ ఈ ఊరు మాట్లాడిందంతా ఆయన వడగట్టి ఇంటికి తెచ్చేవాడు. ఆమె మాటను ఊరికి మోసుకెళ్ళేదీ ఆయనే. అంత పెద్ద సంగతి తెలుసుకోవడానికి అది సమయం కాదు. ఆమె తడిచీర కొంగు పిండుకొని, 'ఆపు' అనడానికి బెంగాలీ మాట వెతుక్కుంటూ ఉండగానే, హాలు యజమాని పరుగెత్తుకొచ్చి మెయిన్ స్విచ్ లాగేశాడు.

పంపు ఆగింది. లైట్లు ఆరాయి. ఉరుము ఆగింది.

"ఆగిపోయింది మేడమ్," అన్నాడు సునీల్‌కుమార్ చీకట్లోంచి. అందులో సంతోషం లేదు కాని, గుర్తుచెయ్యడం ఉంది.

ఆయన రాసిన చివరి నాటకం చివరి మాట దాకా రాకుండానే మునిగిపోయిందని టీచరు అనుకుంది.

వేదిక మీద, బల్లలు పేర్చి కట్టిన కొండ మీద, ఆశిష్ ఒక్కడూ మిగిలాడు. చీకటి, చుట్టూ నీళ్ళు. వాడికి నిజంగానే భయం వేసింది.

"ఎవరైనా ఉన్నారా?" అన్నాడు.

నాటకంలో మనువు ఆఖరి మాట అదే. రిహార్సల్సులో వాడు దాన్ని ఒక్కసారీ సరిగ్గా పలకలేదు. ఇప్పుడు ఒక్క అక్షరం కూడా తప్పలేదు.

కాసేపు నీళ్ళు కారుతున్న చప్పుడు. ఆ తరవాత వెనక వరసలోంచి ఎవరో పెద్దాయన, "ఉన్నాం బాబూ, ఉన్నాం," అన్నాడు. "ఉన్నాం రా!" అంది ఇంకో గొంతు. "మేవూ ఉన్నాం!" అన్నారు రేవు కుటుంబాలవాళ్ళు. హాలంతా అంది. టీచరు కూడా, "ఉన్నాను," అంది. అది ఎవరికీ వినిపించలేదు.

ఫోన్ల వెలుగులు ఒక్కొక్కటే లేచాయి. ఆ వెలుగులో ప్రొఫెసరు, జుట్టు నుంచి నీళ్ళు కారుతూ, లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. సుమేరు కథలో ఆ ప్రళయం చూసి దేవతలే బెదిరిపోయి కుక్కల్లా ముడుచుకొని కూర్చున్నారట. నిర్వాహకులు కుర్చీల్లో ముడుచుకొని ఆ ఘట్టాన్ని ప్రేక్షకుల మధ్యనే చూపించడం తాను ఎక్కడా చూడలేదన్నాడు.

సునీల్‌కుమార్ పద్మాసనంలోంచే నమస్కారం పెట్టాడు. "థాంక్యూ సార్. దాని మీద చానా వర్క్ చేసినం." ఆ ఊపులోనే జనం వైపు తిరిగి, ఇక ప్రతి ఏడాదీ పిల్లల నాటకమే ఉంటుందని, అది ఎప్పటినుంచో తన కోరికని ప్రకటించేశాడు.

ఖోకన్‌దా, పోలిరాజు కలిసి తొట్టి ఎత్తుతున్నారు. పున్నమ్మ చీపురు ఆపి అడిగింది.

"మరైతే వొచ్చే యేడు ఏటి కత, టీచరమ్మా?"

టీచరు తడికొంగు నడుముకు దోపుకుంది. "దేవుళ్ళ దగ్గర నిప్పు దొంగిలించి మనుషులకు తెచ్చినవాళ్ళ కథలు. అన్ని దేశాల్లోనూ ఉన్నారు. ఈసారి నేనే రాస్తాను."

పోలిరాజు ఆ మాటను బెంగాలీలోకి మార్చి ఖోకన్‌దాకు ఉత్సాహంగా చెబుతుంటే, పక్కనే బాల్టీతో నీళ్ళు తోడుతున్న హాలు యజమాని విన్నాడు. వచ్చే ఏడాది పొడుగునా హాలు ఖాళీ లేదని అప్పటికప్పుడే చెప్పేశాడు.