నలభైకి నలభై

ఆ సోమవారం పొద్దున్న త్రిమూర్తులు గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. రాజోలులో జిరాక్సు తీయించడం, ఫంక్షను హాలుకి వెళ్ళడం, పరీక్షలో ఫస్టు రావడం, విమానం ఎక్కడం. ఆ విమానం ఒక్కటీ తప్ప మిగతావన్నీ మధ్యాహ్నం భోజనాల లోపే అయిపోవాలి.

ఆయన ఒక పంచాయతీకి కార్యదర్శి. ఊళ్ళు ముంపు పాలు కాకుండా మురుగు కాలవల్ని ఎలా చూసుకోవాలో మండలంలోని ముప్ఫైమంది కార్యదర్శులకీ ఐదు రోజులపాటు నేర్పించడానికి యూరప్‌లోని ఓ చిన్న దేశం సాయం చేస్తోంది. నేర్పడానికి అక్కడినుంచి ఎల్సా మేడం వచ్చింది. పరీక్షల్లో ప్రతిభ చూపిన ఒక్కరిని తమ దేశానికి తీసుకెళ్ళి పదిహేను రోజులు అక్కడి కాలవలు చూపిస్తామని సర్క్యులర్లో ఉంది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో త్రిమూర్తులు గారు దాటిన పెద్ద నీళ్ళు గోదావరే. సర్క్యులర్ మొదటి పేజీ చదివిన నాటినుంచీ ఆయనకి అన్నం సయించడం లేదు. ఆ ఆనందంలో రెండో పేజీ చదవలేదు.

మండలాఫీసు ప్రింటరు మూలపడటంతో ప్రశ్నపత్రం జిరాక్సు తీయించే పని ఆయన మీద పడింది. నలభై ప్రశ్నలు. ఆఖరి కాగితం మీద జవాబులు. చూడవద్దని ఎవరూ అనలేదు. ఆయన చూశారు, చూసి ఒక చీటీ మీద రాసుకున్నారు కూడా. గుండె దడదడలాడింది గానీ అది తప్పు చేసిన దడ కాదు, విమానం దడ.

సరిగ్గా అప్పుడే పక్క ఊరి కార్యదర్శి అయ్యప్ప జిరాక్సు షాపులోకి వచ్చాడు.

"ఏంటండీ త్రిమూర్తులు గారూ, ఆ చీటీ?"

అడిగినవాడికి లేదనడం త్రిమూర్తులు గారి వంశంలో లేదు. "మీ ఒక్కరికేనండి. ఎవరికీ చెప్పకండే!"

"ఆయ్, నేనెందుకు చెప్తానండీ!"

అయ్యప్పది కూడా అలాంటి వంశమే. అతను ఒక్కరికే చెప్పాడు. ఆ ఒక్కరూ ఒక్కరికే చెప్పారు. పది గంటలకి హాల్లో ఇడ్లీ ప్లేట్లు తీసేసరికి చీటీ అందని చెయ్యి లేదు. ఇంకో ఊరి కార్యదర్శి శారోన్ గారు మాత్రం పుచ్చుకోలేదు.

"వద్దండి," అందావిడ. "వచ్చింది రాస్తానండి. రానిది నేర్చుకోడానికే కదండీ వచ్చేం."

అందరూ ఆవిణ్ణి చూసి పాపం అనుకున్నారు.

పరీక్ష అయింది. ఎల్సా మేడం మార్కులు ల్యాప్‌టాపులో ఎక్కిస్తూ ఎక్కిస్తూ లేచి నిలబడింది. ఇరవై తొమ్మిది మందికి నలభైకి నలభై. శారోన్ గారికి తొమ్మిది. మేడం కళ్ళ నీళ్ళు తుడుచుకుని ఏదో గబగబా చెప్పింది. దుబాసీగా వచ్చిన దివ్య దాన్ని తెలుగులో అంది.

"పదకొండు దేశాల్లో నేర్పేరంటండి, ఇలాంటోళ్ళని ఎక్కడా చూళ్ళేదంటండి. మీకు నేర్పడానికి ఏం మిగల్లేదంటండి. రేపే వెళ్ళిపోతారంటండి."

ఎంపీడీవో ప్రభాకరరావు గారు కుర్చీలోంచి ఎగిరిపడ్డారు. "వెళ్ళిపోతారా! ఐదో రోజు కలెక్టరు గారొస్తున్నారండీ! ఎవర్ని చూపించమంటారు?"

శిక్షణ లేకపోతే విమానమూ లేదు. త్రిమూర్తులు గారు గబుక్కున లేచారు. "మేడం గారండీ, మాకేం రాదండి. ఒట్టండి. నిరుడు మా ఊళ్ళో మురుగు బళ్ళోకొచ్చేసింది. తూము పూడిక తీయించడం మర్చిపోయేనండి."

దివ్య చెప్పింది. మేడం గుండె మీద చెయ్యి వేసుకుంది. ఇంత తెలిసీ ఇంత వినయమా!

అయ్యప్ప లేచాడు. "నా తర్వాతేనండి ఎవరైనా! నేను కాలవ తవ్వించేనండి, వాలు ఎటుండాలో చూళ్ళేదు. నీళ్ళు ఎనక్కొచ్చేసేయండి."

ఇక హాలు ఆగలేదు. ఒకరిని మించి ఒకరు తమ తెలివితక్కువతనం చాటుకున్నారు. మేడం ప్రతిదానికీ చప్పట్లు కొడుతూ పుస్తకంలో రాసుకుంది. శారోన్ గారు కూడా ఎవరెక్కడ తప్పారో శ్రద్ధగా రాసుకుంది. ఎంత ఏమీ రాదంటే అంత గొప్పవాళ్ళు అయిపోతున్నారు.

"ఇలాక్కాదండి," అన్నారు ఎంపీడీవో గారు చెమట తుడుచుకుంటూ. "అదే పేపరు మళ్ళీ పెట్టించండి. వీళ్ళ సంగతి తేలిపోద్ది."

మేడం సరేనంది. త్రిమూర్తులు గారు బల్లల మధ్య వంగి నడుస్తూ గుసగుసలాడారు. "అన్నీ తప్పులే పెట్టండే! ఒక్కటి రైటయినా ట్రైనింగ్ పోద్ది!" సరైన జవాబు కంఠతా వచ్చినవాళ్ళకి తప్పు రాయడం ఎంతసేపు? ఇరవై తొమ్మిది మందికీ సున్నాలొచ్చాయి. శారోన్ గారు యథాప్రకారం వచ్చింది రాసింది. ఇందాక విన్నవాటి పుణ్యమా అని పద్దెనిమిది వచ్చాయి.

మేడం నిర్ఘాంతపోయింది. అయితే శిక్షణ ఐదు రోజులూ ఉంటుందని ప్రకటించింది. హాలంతా ఈలలు! త్రిమూర్తులు గారు అయ్యప్పని కావలించుకున్నారు. ఆయన జీవితంలో అంత ఆనందం మళ్ళీ కలగలేదు, అది కూడా మూడు నిమిషాలే ఉంది.

ల్యాప్‌టాపు టింగుమంది. దివ్య తెరమీద చూసి చదివింది. "మొదటి పరీక్షకీ రెండో పరీక్షకీ ఎవరికి ఎక్కువ మార్కులు పెరిగితే వాళ్ళనే తీసుకెళ్తారంటండి. రెండో పేజీలో ఉందంట కదండీ. రెండు పరీక్షల మార్కులూ ఎక్కేయి కాబట్టి వాళ్ళ దేశాన్నించి పేరొచ్చేసిందండి. శారోన్ గారండి."

"మరి నాకూ?" అన్నారు త్రిమూర్తులు గారు నీరసంగా.

"మీకు నలభై తగ్గేయండి."

శారోన్ గారు ఆనందంతో ఏడ్చేసింది. అది చూసి త్రిమూర్తులు గారికీ ఏడుపొచ్చింది. చూసినవాళ్ళు, ఎంత మంచి మనసో అనుకున్నారు. ఆ మంచి మనసు చూసే కాబోలు, ఎంపీడీవో గారు ఆయన భుజం తట్టారు.

"ఆవిడొచ్చేదాకా ఆవిడ పంచాయతీ కూడా మీరే చూడాలండి త్రిమూర్తులు గారూ. పదిహేను రోజులేగా!"

అది మండలంలోకెల్లా పల్లపు ఊరు.

"ఆయ్, అలాగేనండి," అన్నారు త్రిమూర్తులు గారు.

ఆ పదిహేను రోజుల్లో పదకొండు రోజులు వాన కురిసింది.