గబ్బిలాలకు పెట్టిన విందు

గబ్బిలాల నుంచి మనుషులకు అంటుకునే ప్రాణాంతక జ్వరానికి టీకా సిద్ధమైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. తయారుచేయడానికి ప్రయోగశాల డాక్టరమ్మకు ఆరేళ్లు పట్టింది. అనుమతి ఇవ్వడానికి టీకాల పరిశీలక సంఘానికి ఏడేళ్లు పట్టింది. ఎవరి కష్టం ఎక్కువో పాఠకులు గ్రహించగలరు.

ఆలస్యానికి కారణం లేకపోలేదు. ఈ టీకాలో హాని చేయని ఒక వైరస్, జ్వరం వైరస్ తునకను ఒంట్లోకి మోసుకెళ్లి, శత్రువు ఇలా ఉంటాడు సుమా అని ముందే చూపిస్తుంది. సంఘాధ్యక్షులవారు లోతైన మనిషి. మోసుకెళ్లేదాని సత్ప్రవర్తన పత్రం ఏదని అడిగారు. ముల్లును ముల్లుతోనే తీయాలి కదండీ అని డాక్టరమ్మ అంటే, ముల్లు నమూనాలు మూడు జతచేయమన్నారు. చివరికి గబ్బిలాలకు పెట్టుకోవచ్చునని, మనుషుల జోలికి మాత్రం పోరాదని సంతకం చేశారు.

టీకాను పండ్ల గుజ్జులో కలిపి, గబ్బిలాలు వేలాడే చెట్లకు కట్టాలి. ఆ చెట్ల కిందే ప్రయోగశాల కాపలాదారు కాపురం. నిరుడు ఆ జ్వరంతోనే అతని తమ్ముడు పోయాడు. ఐదేళ్ల కూతురు గబ్బిలాలు కొరికి రాల్చిన పండు కనిపిస్తే తినకుండా ఆగదు. టీకా ఎప్పుడు కడతారని అతను రోజూ అడిగేవాడు. అతనికి ఎదురుపడాలంటేనే డాక్టరమ్మకు బాధగా ఉండేది.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. గుజ్జు ముద్దలను వెండి పళ్లాల్లో పేర్చి వేదిక మీద పెట్టారు. "ఆకలిగొన్న గబ్బిలం కళ్లలో నాకు మానవజాతి భవిష్యత్తు కనబడుతోంది" అంటూ అధ్యక్షులవారు రెండు గంటలు మాట్లాడారు. ఈలోగా నలభైమంది అతిథులకూ ఆకలి వేసింది. డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చేసరికి పళ్లాలు కడిగినంత శుభ్రంగా ఉన్నాయి. తీపి కాస్త తగ్గించవచ్చని సందర్శకుల పుస్తకంలో సూచన కూడా రాశారు.

నెల తర్వాత రక్తపరీక్షలు చేస్తే, నలభైమందికీ సంపూర్ణ రక్షణ వచ్చింది. టీకా మనుషులకూ పనిచేస్తుందని అలా తేలింది. అధ్యక్షులవారు విలేకరులను పిలిచి, తాము ఎరిగినవారెవరికీ ఇక ఈ జ్వరం రాదు కనుక పథకం లక్ష్యం నెరవేరిందని ప్రకటించారు. మిగతా ముద్దల తయారీ ఆపించారు. గబ్బిలాలు యథాస్థానంలో ఉన్నాయి.

కాపలాదారు వచ్చి డాక్టరమ్మ గది గుమ్మంలో నిలబడ్డాడు.

"మందు అడగడానికి రాలేదమ్మా. ఇంకోసారి ఇలాంటి సభ పెడితే, మా పిల్ల పేరు మీద ఒక ఆహ్వానపత్రిక ఇప్పించండి, చాలు."

డాక్టరమ్మకు ఏడుపొచ్చింది. మనకు నవ్వొచ్చింది. సభలకు పిలవదగిన వాళ్లు వేరే ఉంటారని పాపం అతనికి తెలియదు. మనకు తెలుసు. అందుకే వచ్చే సభకు మన పేర్లు ఇప్పటికే తగినవారితో చెప్పించి పెట్టుకున్నాం.